శ్రీలంకకు మనం చేసిన సాయానికి ఫలితం దక్కిందా?

పర్లాకిమిడి మాస్టారు:
2022లో శ్రీలంక దివాలా తీసినప్పుడు మన దేశం దాదాపు 400 కోట్ల డాలర్ల మేరకు ఆదుకొంది. మనం ఆందోళన తెలిపినా, ఆ ఆగస్టులోనే ఉపగ్రహాలను, క్షిపణులను కనిపెట్టే చైనా నౌక యువాన్ వాంగ్ 5ను హంబన్‌టోటలో నిలుపుకొన్నారు. మంచితనంతో పొరుగువారి మనసు గెలవవచ్చునని ఇంకా నమ్మమంటారా?

రాయగడ వాసి:
నౌక ఆరు రోజులుండి వెళ్లిపోయింది. మన గ్రాంటుతో 2016లో మొదలైన 1990 అంబులెన్సు మాత్రం అక్కడ నేటికీ తిరుగుతోంది. హైదరాబాదులో పుట్టిన మన 108 పద్ధతే అది. ప్రాణాపాయంలో ఆ బండి ఎక్కిన కుటుంబం మనలను ఎలా తలచుకొంటుందో, ఆ హంబన్‌టోట ఓడరేవును 99 ఏళ్ల కౌలుకు తీసుకొన్న చైనావారిని ఎలా తలచుకొంటుందో ఆలోచించండి.

పర్లాకిమిడి మాస్టారు:
1990 మన శాంతి సేన అక్కడినుంచి తిరిగివచ్చిన ఏడాది. అప్పుడు అంబులెన్సులెక్కడివి?

రాయగడ వాసి:
అది ఏడాది కాదు మాస్టారూ, ఫోను నంబరు.

గుణుపురం తండ్రి:
మా అబ్బాయి చైనాలో వైద్యం చదువుతూ 2020 ఆరంభంలో ఇంటికి వచ్చి, తిరిగి వెళ్లనివ్వక రెండేళ్లకు పైగా మా అరుగు మీదే ఫోనులో పాఠాలు విన్నాడు. చైనా ఆకర్షణ సంగతి నన్నడగండి.

పర్లాకిమిడి మాస్టారు:
మీ కష్టం విచారకరమే గాని నా ప్రశ్నకు జవాబు కాదు. నంబరు విషయంలో పొరబడ్డాను. అయినా తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవారిని ఏమనాలి?

పొట్టంగి:
ఆ మాట అనకండి. మా పక్కనున్న కొటియా గ్రామాలు తమవంటే తమవని ఒడిశా, ఆంధ్ర పోటీపడి పథకాలు ఇస్తున్నాయి. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా జరిపింది. కొండమీది వారు రెండు వైపులా పుచ్చుకొంటే పట్నంలో కూర్చున్నవారు ఇలాగే నిందిస్తారు. రేపు ఈ పోటీ ఆగితే వారి గడపకు ఎవరు వస్తారు? శ్రీలంక కూడా అదే లెక్క వేసుకొంది.

పర్లాకిమిడి మాస్టారు:
అయితే సాయం చేసినవాడికి ఏ హక్కూ లేదంటారా?

పొట్టంగి:
హక్కు కావాలనే ఇచ్చామని ముందే చెప్పవలసింది. పైగా అందులో అధిక భాగం తీర్చవలసిన అప్పే.

పర్లాకిమిడి మాస్టారు:
అప్పే కావచ్చు. కాని రుణ సడలింపుపై అంతర్జాతీయ ద్రవ్యనిధి ఐఎంఎఫ్‌కు 2023 జనవరిలోనే హామీ ఇచ్చింది మనం. చైనా నుంచి సరిపడిన హామీ మార్చి దాకా రాలేదు. కొలంబోవారు మరచినా నేను మరువను.