"పౌరాణాం శ్రేణయోఽపి చ": ఆ 'చ' ఎవరిని కలుపుతోంది?

అరసున్న: చిన్నప్పుడు తాతగారు వల్లె వేయించిన అమరం (అమరసింహుడి సంస్కృత నిఘంటువు) ముక్క రెండ్రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. "స్వామ్యమాత్యసుహృత్కోశ"... తర్వాత ఏదో ఉండి, "రాజ్యాంగాని ప్రకృతయః". మధ్య పాదం ఎగిరిపోయింది. జమ్మూకశ్మీర్ పాత రాజ్యాంగం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను, అందుకు కావాలి. దాని 3వ సెక్షన్‌లో ఆ రాష్ట్రం భారత యూనియన్‌కి 'ఇంటెగ్రల్ పార్ట్', ఇకపైనా అంతే అని ఉంది. 'అంతర్భాగం' అనాలా, 'అవిభాజ్య అంగం' అనాలా? అంగం అనగానే తాతగారు గుర్తొచ్చారు.

విసర్గ: "రాష్ట్రదుర్గబలాని చ". ఎనిమిదక్షరాలూ సరి. రాజు, మంత్రి, మిత్రుడు, ఖజానా, రాష్ట్రం, కోట, సైన్యం: ఈ ఏడూ రాజ్యానికి అంగాలు, వీటికే 'ప్రకృతులు' అనీ పేరు. అక్కడితో ఆపకండి, అసలు రుచి నాలుగో పాదంలో ఉంది: "పౌరాణాం శ్రేణయోఽపి చ".

బండిర: ఏడంగాల్లో రాష్ట్రం ఐదోది. రాజ్యానికి అది ఒక అంగం. ఇప్పుడు మనం 'రాష్ట్ర రాజ్యాంగం' అంటున్నాం, అంటే అంగానికే అంగాలు మొలిచాయన్నమాట! తాతగారు వింటే బెత్తం తీసేవారు.

చార్ల్స్ నది ఒడ్డున: మీకు వింతగా ఉంది గానీ ఇక్కడ అమెరికాలో యాభై రాష్ట్రాలకీ ఎవరిది వాళ్లకుంది. మా మసాచుసెట్స్‌ది 1780 నాటిది. దేశ రాజ్యాంగం రాసుకున్నదే 1787లో. సవరణలు పడుతూ పడుతూ ఇప్పటికీ అదే నడుస్తోంది.

విసర్గ: సంతోషం. 'మరియు' అనే ఆ 'చ' సంగతి చూద్దాం. పౌరుల శ్రేణులు, అంటే వృత్తిసంఘాల వాళ్లు, ఏడంగాల పక్కన ఎనిమిదోదిగా చేరతారా? లేక 'ప్రకృతి' అనే మాటకి వాళ్లూ ఒక అర్థమని అమరసింహుడు చెబుతున్నాడా? నేను మొదటి పక్షం. 'కూడా' అనే 'అపి' ఉండగా మళ్లీ 'చ' ఎందుకు, ఏదో కలపడానికి కాకపోతే?

నెల్లూరి వాసి: పాదం నిండడానికి. అనుష్టుప్పులో (ఎనిమిదేసి అక్షరాల పాదాలుండే ఛందస్సు) 'చ'కారం తాళం తప్పకుండా వేసే చిటికె లాంటిది. దాని మీద సిద్ధాంతాలు కట్టకండి మాస్టారూ. కౌటిల్యుడి పట్టికలో పౌరుల ఊసే లేదు: స్వామి, అమాత్య, జనపద, దుర్గ, కోశ, దండ, మిత్ర. ఏడే.

విసర్గ: జనపదమంటే ఉత్త మట్టేనా, మనుషులు లేకుండా? అమరుడు 'రాష్ట్ర' అనేసరికి జనం జారిపోయారు. అందుకే చివర్లో 'అపి చ' అంటూ వెనక్కి పిలిచాడు.

బండిర: ఇది బాగుంది. అరసున్న గారి గ్రంథంలో వరస తిరగబడింది చూడండి. 1956 నవంబరు 17న ఆమోదించి 1957 జనవరి 26 నుంచి అమలు చేసిన రాజ్యాంగం అది. "జమ్మూకశ్మీర్ రాష్ట్ర ప్రజలమైన మేము" అని మొదలవుతుంది, వెంటనే 1947 అక్టోబరు 26 నాటి విలీనం మాట వస్తుంది. అమరుడి 'అపి చ' జనం పీఠికలో మొదటి మాటయ్యారు. స్వామి సంగతో? 1952లోనే వంశపారంపర్యం పోయి ఎన్నుకున్న 'సదర్-ఇ-రియాసత్' (రాష్ట్రాధిపతి) వచ్చాడు. ఎన్నికైంది మహారాజు కొడుకు కరణ్ సింగే అనుకోండి. 1965లో ఆ పేరు గవర్నరైంది, అమాత్యుడు 'ప్రధానమంత్రి' నుంచి 'ముఖ్యమంత్రి'కి దిగాడు.

నెల్లూరి వాసి: అమాత్యుడంటే గుర్తొచ్చింది. సప్తాంగాల గురించి రాసిన కవులున్నారు గానీ, మా తిక్కన సోమయాజి స్వయంగా రెండో అంగం. మనుమసిద్ధి కొలువులో మంత్రి. భీష్ముడు అంపశయ్య మీద రాజధర్మం చెబుతుంటే తిక్కన తెలుగులో మాట తూచినట్టుంటుంది, ఒక్క విశేషణం ఎక్కువ పడదు. పద్యం చదువుతుంటే దస్త్రం ముందేసుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాడు.

హాలికుడు: మంత్రిగారి పద్యాలు మీరుంచుకోండి. ఆ రాష్ట్రపు జెండా మీద ఉన్నది నాగలి. ఎర్ర గుడ్డ, మూడు నిలువు గీతలు, నాగలి. మా పోతన పక్షమే.

నెల్లూరి వాసి: వచ్చారూ! ఏ చర్చకైనా నాగలి పట్టుకుని రావడమేనా?

అరసున్న: అయ్యా, 'ఇంటెగ్రల్'...

ఱంపం: లెక్కల పుస్తకంలో 'సమాకలని'. అది రాసెయ్యండి, ఎవరూ అడగరు.

చార్ల్స్ నది ఒడ్డున: అంగం తెగుతుంది, అంతర్భాగం తెగదు. కాబట్టి రెండోది.

విసర్గ: తప్పు. అంగం తెగితే అంగి వికలుడవుతాడు, ఆ బాధ 'అంగం'లోనే ఉంది. పెట్టెలో చొక్కా కూడా అంతర్భాగమే, తీసి పక్కన పెట్టొచ్చు. పైగా 3వ సెక్షన్‌ని సవరించే బిల్లే తేకూడదని 147వ సెక్షన్ కట్టడి చేసింది. అంత బిగువు 'అంతర్భాగం'లో ఎక్కడుంది?

బండిర: ఆ బిగువు 3వ సెక్షన్‌కి మాత్రమే పనికొచ్చింది లెండి. 2019 ఆగస్టుతో మొత్తం గ్రంథమే అటకెక్కింది, 2023 డిసెంబరులో సుప్రీంకోర్టూ సరేనంది. రాష్ట్రం పోయి రెండు కేంద్రపాలిత ప్రాంతాలయ్యాయి. అంగం మిగిలింది, రాజ్యాంగం పోయింది.

దస్తీ: అసలు మాట 'రాజాంగం' కదా? మా పెదనాన్న ఉత్తరాల్లో 'య' వత్తు ఉండేదే కాదు.

నెల్లూరి వాసి: రాజుకి అంగమైతే రాజాంగం, రాజ్యానికైతే రాజ్యాంగం. పెదనాన్న రాజుల కాలం మనిషై ఉంటారు.

దస్తీ: రాజుల కాలం కాదు, నిజాం కాలం. ఆయన నోట 'దస్తూర్' కూడా వినేవాణ్ణి. ఉర్దూలో రాజ్యాంగ సభ 'దస్తూర్‌సాజ్ అసెంబ్లీ'. శ్రీనగర్‌లో 1951 అక్టోబరు 31న కూర్చున్నది అలాంటి సభే, 145వ సెక్షన్ ప్రకారం ఆ రాష్ట్రానికి అధికార భాషగా కూడా ఉర్దూయే ఉండేది. అదే దస్తూర్ మన దగ్గర 'దస్తూరి' అయి చేతిరాత దగ్గర స్థిరపడింది. ఎలా అయ్యిందో మరి!

ఱంపం: 'దస్త్' అంటే చెయ్యి. దస్తావేజు, దస్కత్తు, దస్తీ, అన్నీ చేతి చుట్టాలే. దస్తూరి కూడా అటునుంచే వచ్చి ఉంటుంది, దస్తూర్ నుంచి కాదు.

దస్తీ: మరి ఆ 'ఊ' ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఱంపం: రేపు చెబుతా.

విసర్గ: తమిళులు 'సాసనం' అంటారు, మలయాళీలు 'భరణఘటన', మరాఠీలు 'రాజ్యఘటన', కన్నడిగులు 'సంవిధాన'. అంగాల లెక్క మనం వదల్లేదు. బహువచనంలో ఉన్న 'రాజ్యాంగాని'ని ఏకవచనం చేసి ఏడింటినీ ఒక పుస్తకంలో కుక్కేశాం. నా ఎనిమిదో అంగానికి మాత్రం ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

నెల్లూరి వాసి: ఇచ్చాను. చిటికె.

అరసున్న: పేజీ రేపు పొద్దున్నకి ఇవ్వాలండీ. 'అంతర్భాగం' అనే రాసేస్తున్నాను. అంతః అనే విసర్గ ర అయింది, అంతేగా సంధి?

విసర్గ: ఆగండాగండి. అక్కడ విసర్గ ఎక్కడిది? 'అంతర్' పుట్టుకతోనే రేఫాంతం, అంటే 'ర్'తో ముగిసే మాట.