లేహ్‌ల నిద్రకు మెలటోనిన్ వేసుకోవచ్చునా?

జడ్చర్ల ప్రయాణికుడు:
సెప్టెంబర్‌ల ఆరుగురం విమానంల లడఖ్‌ల ఉన్న లేహ్ పోతున్నం. ఒక రాత్రి ఆడ ఉండి, తెల్లారి పాంగాంగ్ సరస్సు. రాత్రిళ్లు ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తరట. మెలటోనిన్ 10 ఎంజీ వేసుకుంటే ఊపిరికి ఇబ్బందా? మర్నాడు బండి నడపాలె, బుర్ర మొద్దుబారుతదా? మాలో ఒకాయనకు 58 ఏండ్లు, బీపీ గోళీ వాడుతడు, రోజూ కల్లు అలవాటు.

పాలమూరు డాక్టర్:
తమ్మీ, ఆ ఉలిక్కిపాటు ఎందుకో ముందు చూడు. మన దగ్గర ఎత్తు 500 మీటర్లు, లేహ్‌ల 3,500. ఆక్సిజన్ చాలక మనిషి ఎక్కువ ఊపిరి తీస్తడు, రక్తంల కార్బన్ డయాక్సైడ్ పడిపోతది. నిద్రల ఊపిరి తియ్యమని మెదడును పొడిచేది అదే. అది తగ్గితే పది, పదిహేను సెకన్లు ఊపిరి ఆగుతది. ఈలోపు ఆక్సిజన్ ఇంకా దిగుతది, గబగబ నాలుగు పెద్ద ఊపిర్లు, మళ్లా ఆగుడు. పక్కన పండినోడే ఎక్కువ భయపడుతడు.

మెలటోనిన్ మామూలు మోతాదుల ఊపిరిని అణచదు గానీ, ఈ ఆగుడును ఆపదు కూడా. అది మత్తుమందు కాదు, చీకటి పడ్డదని ఒంటికి చెప్పే హార్మోన్. అమెరికా పోయినోళ్లకు గడియారం తారుమారైతది, వాళ్లకు పనికొస్తది. జడ్చర్ల టైమే లేహ్ టైము, ఇంక అది సరిచేసేదేముంది?

మొదటి రెండు రోజులు బుర్ర మందగించేది ఆక్సిజన్ తక్కువై. స్టీరింగ్ అక్కడోళ్లకే ఇయ్యి.

మందుల షాపు, మిర్యాలగూడ:
10 ఎంజీ అనవసరం. వేసుకోవాలనే ఉంటే అర నుంచి 3 ఎంజీ, పడుకునే గంట ముందు. నెమ్మదిగా విడుదలయ్యే రకం వద్దు, పొద్దునకూ మగత మిగులుతుంది. ఇంట్లోనే రెండు రాత్రులు వేసి చూసుకోండి. బీపీ గోళీ నిఫెడిపిన్ అయితే మెలటోనిన్ దాని పని తగ్గించవచ్చు, పట్టీ మీద పేరు చదవండి. రక్తం పలచనయ్యే వార్ఫరిన్ వాడేవాళ్లు అడగకుండా ముట్టొద్దు.

ఊపిరి ఆగడానికి అసలు మందు అసెటజోలమైడ్, డయామాక్స్ అంటారు. 250 ఎంజీ గోళీలో సగం, అంటే 125, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బయలుదేరే ముందురోజు మొదలుపెట్టి, పైకి చేరాక రెండు రోజుల దాకా. కిడ్నీలు బైకార్బనేట్‌ను బయటికి పంపుతాయి, రక్తం కాస్త ఆమ్లమవుతుంది, ఊపిరి తీయమనే పొడుపు నిలబడుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ, కూల్‌డ్రింకు చప్పగా అనిపిస్తుంది. భయపడొద్దు. సాయంత్రం గోళీ పొద్దుగూకేలోపే వేసుకుంటే రాత్రి లేచే బాధ తగ్గుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

పాలమూరు డాక్టర్:
ఆ పెద్దాయన సంగతే నాకు గుబులు. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. మన దిక్కు దుకాణాల కల్లుల అల్ప్రాజోలమో డైజిపామో అనే మత్తుమందు కలుపుడు కొత్త ముచ్చట కాదు. రోజూ తాగేటాయన ఒక్కసారి ఆపితే రెండు, మూడు రోజులకు చేతులు వణుకుడు, నిద్ర లేకపోవుడు, ఒక్కోసారి ఫిట్స్. అంటే సరిగ్గ లేహ్‌ల ఉన్నప్పుడే. అక్కడి డాక్టర్ ఎత్తు వల్ల మెదడు వాచిందనుకోవచ్చు. మెలటోనిన్ ఆ లోటు తీర్చదు. కొన్ని వారాల ముందే డాక్టర్ దగ్గర మెల్లమెల్లగ తగ్గించుకోవాలె. నిద్రకని అల్ప్రాజోలం జేబుల పెట్టుకపోవద్దు, అది ఊపిరిని అణచుతది.

జడ్చర్ల ప్రయాణికుడు:
మంచిది సార్. ప్లాను మార్చాల్నా?

దేవరకొండ ట్రెక్కర్:
మార్చు అన్నా. లేహ్‌ల కనీసం రెండు, వీలైతే మూడు రాత్రులు. తర్వాత నుబ్రా లోయ, అది లేహ్ కన్న కిందనే. కానీ నడుమ ఖర్దుంగ్ లా కనుమ 5,300 మీటర్లు దాటుతది, ఫొటో దిగి పావుగంటల దిగుండ్రి. 4,200 దాటిన పాంగాంగ్‌ల నిద్ర ఆఖరికి.

ఇంకోటి. ఉట్టి నిద్రలేమిని ఎత్తు జబ్బు కింద లెక్కగట్టకుండ్రి. ఎత్తు జబ్బును లెక్కగట్టే లేక్ లూయిస్ స్కోరును 2018ల మార్చినప్పుడు నిద్ర ప్రశ్నే తీసేసిండ్రు. తలనొప్పికి తోడు వాంతో, నీరసమో ఉంటే లెక్క. రాత్రి ఎవరన్న తికమకగ మాట్లాడితే గోళీ ఇయ్యకు. లేపి నిలబెట్టి, ఒక కాలి మడమను ఇంకో కాలి వేళ్లకు ఆనిస్తూ గీత మీద పది అడుగులు నడిపియ్యి. తూలిండా, తెల్లారేదాక ఆగకుండ ఆక్సిజన్ పెట్టి ఆస్పత్రికి, లేదంటే కిందికి.