మనిషికి అందే కొబ్బరి పెరుగుతోందా, తగ్గుతోందా?
(చర్చా వేదికలోని మాటలు; ప్రతి మాట పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

పట్టికల పరిశీలన
ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురించే ఆహార సమతుల్య పట్టికల్లో మన దేశపు కొబ్బరి వరుసను కొన్ని వారాలుగా చదువుతున్నాను. పండినదానికి దిగుమతి కలిపి, ఎగుమతి, విత్తనం, నష్టం, నూనె మిల్లులకు వెళ్లిన భాగం తీసివేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగించి మనిషికి ఏడాదికి ఇన్ని కిలోలని చూపుతారు. 2023లో ధర లేక రైతులు గోలపెట్టారు, 2025లో కాయ ధర విని మా వీధిలో కొబ్బరి పచ్చడి మానుకున్నారు. రెండేళ్లలో ఇంత తేడా ఎలా వచ్చింది? బొండాల కోత వల్ల ముదురు కాయ తగ్గిందా? ఇళ్లలో వాడకం మీరు చూస్తుండగా ఎలా మారింది?

కురిడీ రాశి, అంబాజీపేట
2023 మాట ఎత్తారు కనుక చెబుతున్నాను. ఆ ఏడాది మిల్లింగ్ ఎండు కొబ్బరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 10,860 రూపాయలు. అది నాకు ఒక్క రోజు కూడా దక్కలేదు. ఆరు వేల కాయలు రాశి పోసి, ధర వస్తుందేమోనని ఎదురుచూస్తుండగా మొలకలు వచ్చాయి. దింపు కూలి, మోత కూలి, వలుపు కూలి పోగా మిగిలింది ఎరువుకు కూడా చాలలేదు. 2025లో ధర పెరిగిందని అందరూ రైతును అభినందిస్తున్నారు, కానీ అప్పటికి నా చెట్లకు కాయే లేదు.

లెక్కల పద్దు
పంట గణాంకాల పనిలో 31 ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను: రైతుల గోడు తరువాత, ముందు కొలత సంగతి తేలాలి. మనం కొబ్బరిని కాయల్లో లెక్కిస్తాం, ఆ సంస్థ టన్నుల్లో చూపుతుంది. దేశంలో ఏటా సుమారు 2,000 కోట్ల కాయలు పండుతాయి. 140 కోట్ల మందికి పంచితే తలకు 14 కాయలు వస్తాయి, శ్రీలంకలో అది నూరు దాటుతుంది. అయితే 1998 ప్రాంతంలో కేరళలో బయటపడిన ఎరియోఫిడ్ నల్లి మన తోటలకూ వ్యాపించాక కాయ పరిమాణమే తగ్గిపోయింది. కాయల సంఖ్య నిలకడగా ఉన్నా లోపలి కొబ్బరి తగ్గితే, ఒకే గుణకంతో టన్నుల్లోకి మార్చిన పట్టికలో ఆ నష్టం కనబడదు. ఇది తెలియకుండా ఆ వరుసలు చదివి ప్రయోజనం లేదు.

కురిడీ రాశి, అంబాజీపేట
నా నష్టాన్ని గోడు అని పక్కకు నెట్టడం నాకు బాధ కలిగించింది. నా తోటలో కాయలు లెక్కపెట్టడానికి ఇరవై ఏళ్లలో ఒక్కరూ రాలేదు. లెక్కించని కాయలకు గుణకం ఏదైతే మాత్రం ఏమి ఉపయోగం?

కొచ్చి కోడలు
కాకినాడలో పుట్టి పద్దెనిమిదేళ్లుగా కేరళలో కాపురం ఉంటున్నాను. ఇక్కడ కూర, వేపుడు, అప్పడం అన్నీ కొబ్బరి నూనెతోనే. సగటున 14 కాయలని చెప్పి కేరళ వంటింటినీ పంజాబు వంటింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. నూనెను తీసివేసి ఆహారం లెక్క చెప్పడం మరీ అన్యాయం.

గండేరా వ్యాపారం
మన జిల్లాల్లో నూనె తలకే రాస్తారమ్మా, దాన్ని ఆహారంలో కలిపితే లెక్క తప్పుతుంది.

కొచ్చి కోడలు
మీరు రాసుకుంటారు కాబట్టి అది తలనూనె అయిపోదండి. తలనూనె అని ముద్రించి అమ్మితే తప్ప, చిన్న ప్యాకెట్లలో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరి నూనె వంట నూనేనని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

లెక్కల పద్దు
ఇద్దరూ తొందరపడుతున్నారు. ఆ పట్టికల్లో కొబ్బరి నూనెకు వేరే వరుస ఉంది, మిల్లుకు వెళ్లిన కొబ్బరిని అక్కడ చూడాలి.

గండేరా వ్యాపారం
నూనె వరుస చూసేవారు 1994ను గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది పామాయిల్ దిగుమతిపై ఆంక్షలు సడలించాక చవక నూనె వరదలా వచ్చి ఎండు కొబ్బరి ధరను అణచివేసింది. మా కురిడీ, అంటే చిప్పలోనే గుండుగా ఎండిన కొబ్బరి, బతికిందంటే ఉత్తరాది పెళ్లిళ్లు, పండుగల పుణ్యమే. అటకపై నెలల తరబడి ఎండిన గండేరా రకం కురిడీ కాయను వారు తింటారు, దేవుడికీ పెడతారు. అది నూనెలోకి పోదు, అచ్చంగా ఆహారమే.

రాజోలు తోట
పరిశీలన గారు అడిగిన రెండేళ్ల తేడాకు ఎవరూ జవాబు చెప్పలేదు. పూత విచ్చాక కాయ ముదరడానికి 11, 12 నెలలు పడుతుంది. అంతకు ముందు మొవ్వులో, అంటే చెట్టు నడినెత్తి చిగురులో, గెల రూపుదిద్దుకోవడానికి రెండేళ్లు దాటుతుంది. ధర పడిపోయిన ఏడాది రైతు ఎరువు, నీరు తగ్గిస్తాడు, ఎండలు ముదిరితే పిందె రాలుతుంది, ఆ ఫలితం తరువాతి ఏళ్ల దింపుల్లో తెలుస్తుంది. దానికి తోడు 2016లో పొల్లాచ్చిలో కనబడిన సర్పిలాకార తెల్లదోమ మన కమ్మలను మసిబార్చింది. పక్క తోటవారు రసాయనాలు కొట్టి మిత్ర కీటకాలను కూడా చంపుకున్నారు. నేను మందు మానేసి, తెల్లదోమను చంపే ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి ఉన్న కమ్మలు తెచ్చి కట్టి, నీటితో కమ్మలు కడిగించాను. రెండేళ్లకు చెట్టు తేరుకుంది. కోనసీమలోని శంకరగుప్తం మురుగు కాలువ పక్కన ఉప్పునీరు ఎగదన్ని మొవ్వులు రాలిన తోటలకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

గండేరా వ్యాపారం
బొండాం గురించి ఒక మాట. ఏడో నెలలో కోసిన బొండాం మరో ఐదు నెలలకు రావలసిన ముదురు కాయే. దింపు కూలీలు దొరకని తోటల్లో, కోత ఖర్చు పెట్టుకుని వచ్చే బొండాల వ్యాపారికే రైతు మొగ్గుతున్నాడు. తాగిన నీరు వంటింటి లెక్కలోకి రాదు.

పట్టికల పరిశీలన
నూనె వరుసను విడిగా తీసి మళ్లీ చూస్తాను. కురిడీ రాశి గారూ, మిమ్మల్ని నొప్పించే ఉద్దేశం ఇక్కడ ఎవరికీ లేదు. నల్లి రాకముందు వెయ్యి కాయలకు ఎంత ఎండు కొబ్బరి దిగేది, ఇప్పుడు ఎంత దిగుతోంది? మీ దగ్గర పాత లెక్కలు ఉంటే పట్టికలో లేని సంగతి తెలుస్తుంది.

కురిడీ రాశి, అంబాజీపేట
మా నాన్నగారి లెక్కల పుస్తకం ఉంది, దింపు దింపుకూ తూకం రాసి పెట్టారు. ఆదివారం ఆ పేజీలు ఫొటోలు తీసి పెడతాను. 1996 నవంబరు తరువాత ఏడేళ్లు తూకాలు కనబడవు, ఎందుకంటే ఆ తుపానుకు మా తోటలో నిలిచినవి పదకొండు చెట్లు, తిరిగి నాటినవి కాపుకు వచ్చేవరకు అమ్మడానికి కాయలు లేవు.