చేతిలో 60 లక్షలు: కొల్లూరు ప్రీ-లాంచా, మియాపూర్ పాత ఫ్లాటా?

మియాపూర్ అద్దెవాసి

అందరికీ నమస్కారం. నేను, నా భార్య ఇద్దరం ఉద్యోగస్తులం. పాప రెండో తరగతి. మియాపూర్‌లో 22 వేల అద్దెకు ఉంటున్నాం. సూర్యాపేట దగ్గర నాన్నగారు పొలం అమ్మి ఇచ్చిన డబ్బు, మేం దాచుకున్నది కలిపితే 60 లక్షలు అయింది.

కొల్లూరు వైపు ఒక బిల్డర్ ప్రీ-లాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే, 1,500 చదరపు అడుగుల ఫ్లాట్‌ను అడుగు 4,000 చొప్పున 60 లక్షలకు ఇస్తానంటున్నారు. డబ్బంతా ఒకేసారి కట్టాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు వచ్చాక ఇదే ఫ్లాట్ అడుగు 6,500 అవుతుందట. నాలుగేళ్లలో తాళాలు ఇస్తారట. అప్పటిదాకా భరోసాగా భూమిలో అవిభాజ్య వాటా, అదే యూడీఎస్, మా పేరున రిజిస్టర్ చేస్తారట.

ఇంకోవైపు మా వీధి వెనకే పన్నెండేళ్ల పాత ఫ్లాట్ ఉంది. 1,150 అడుగులు, 62 లక్షలు చెబుతున్నారు, కొంచెం తగ్గేలా ఉన్నారు. ఇంట్లో అందరూ కొత్తదే తీసుకోమంటున్నారు. బిల్డర్ ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు, ఈ వారం దాటితే రేటు పెరుగుతుందని. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చిట్టా పద్దు

ముందు ఆ 37 లక్షల 50 వేల తగ్గింపు మీకు ఎందుకిస్తున్నారో చూడండి. భూమి యజమానికి కట్టడానికి, అనుమతుల ఫీజులకు ఆయనకు డబ్బు కావాలి. ప్లాన్ కూడా పాస్ కాని ప్రాజెక్టుకు బ్యాంకు అప్పివ్వదు. బయట తెస్తే రెండు రూపాయల వడ్డీ. 60 లక్షలకు నెలకు లక్షా 20 వేలు, నాలుగేళ్లకు 57 లక్షల 60 వేలు. అదే మీ దగ్గర తీసుకుంటే 37 లక్షల 50 వేల తగ్గింపుతో సరిపోతుంది. అంటే మీకు పడే వడ్డీ నూటికి నెలకు రూపాయి ముప్పై పైసలు. అది కూడా నాలుగేళ్లకు ఇస్తే. ఐదేళ్లు పడితే రూపాయి నాలుగు పైసలు. ఆరేళ్లు పడితే రూపాయి కూడా రాదు. ఈలోగా మీరు కట్టే అద్దె నాలుగేళ్లకే పది లక్షలు దాటుతుంది.

మీరు కొంటున్నది ఫ్లాట్ కాదండీ, బిల్డర్‌కు అప్పిస్తున్నారు. ఊళ్లో ఎవరికైనా 60 లక్షలు ఇవ్వాలంటే మీ నాన్నగారు ప్రోనోటు రాయించుకోరా? పొలం కాగితాలు తనఖా పెట్టించుకోరా?

నల్లగండ్ల నివాసి

చిట్టా పద్దు గారి లెక్క కాగితం మీద బాగుంది. నేను ప్రీ-లాంచ్‌లో కొన్న ఇంట్లోనే ఉంటున్నాను. మా బిల్డర్ ఏడాదిన్నర ఆలస్యం చేశారు, అయినా ఇచ్చారు. ఈ రోజు మా గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ కొనాలంటే నా జీతానికి అందదు.

మధ్యతరగతి వాడికి రిస్క్ లేకుండా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? అన్ని కాగితాలూ వచ్చేదాకా ఆగితే అప్పటికి రేటు మన చేయి దాటిపోతుంది. అందరినీ ఒకే గాటన కట్టకండి. నాలుగైదు ప్రాజెక్టులు పూర్తి చేసి తాళాలిచ్చిన బిల్డర్ వేరు, నిన్న బోర్డు పెట్టినవాడు వేరు. ఆయన పాత ప్రాజెక్టుకు వెళ్లి, అక్కడ ఉంటున్నవాళ్లను అడిగి నిర్ణయం తీసుకోండి.

చిట్టా పద్దు

మీకు మంచి జరిగింది, సంతోషం. కానీ తాళాలు అందినవాళ్లే ఇలా వచ్చి చెప్పగలరు. అమీన్‌పూర్‌లో ప్రీ-లాంచ్ పేరుతో వందల కుటుంబాల దగ్గర డబ్బు కట్టించుకున్న కేసులో 2022 డిసెంబరులో సంస్థ అధిపతినే సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ కట్టినవాళ్లు కూడా మనలాంటివాళ్లే. వాళ్లూ ఎవరినో ఒకరిని అడిగే కట్టారు.

ఇంకో మాట. రెరా చట్టం 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ, ఎనిమిది దాటిన ఫ్లాట్లు గానీ ఉంటే రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ 60 లక్షల్లో అది 6 లక్షలు. చట్టం 6 దగ్గర గీత గీస్తే ఆయన 60 అడుగుతున్నారు. మొదటి రోజే చట్టాన్ని పక్కన పెట్టినవాళ్లు నాలుగేళ్ల తర్వాత మాట మీద నిలబడతారని ఎలా నమ్మాలి?

సంగారెడ్డి డాక్యుమెంట్ రైటర్

యూడీఎస్ గురించి చెప్తాను, అదే మా రోజువారీ పని. రిజిస్టర్ అయింది కదా, భూమి ఎక్కడికీ పోదని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ దస్తావేజులో ఎనిమిదెకరాల్లో ముప్పై గజాలు అని ఉంటుంది. ఏ మూలన అని ఉండదు. ప్రాజెక్టు ఆగితే ఆ ముప్పై గజాల్లో మీరు గుడిసె కూడా వేసుకోలేరు. కొనేవాడు దొరకడు. తనఖా పెట్టుకునే బ్యాంకు ఉండదు. పంపకాల దావా వేస్తే మిగతా వాటాదారులందరినీ పార్టీలుగా చేర్చాలి.

ఎవరూ అడగని విషయం ఇంకోటి ఉంది. ప్లాన్ పాస్ కాకముందు మొత్తం ఎన్ని ఫ్లాట్లు వస్తాయో బిల్డర్‌కే తెలియదు. హైదరాబాద్‌లో 2006 నిబంధనలతో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే ఇంత స్థలంలో ఇంతే కట్టాలన్న హద్దు, తీసేశారు కాబట్టి అంతస్తులు పెరగొచ్చు, అప్పుడు మనిషికి వచ్చే వాటా తగ్గుతుంది. మరి ఈ రోజు ఏ లెక్కన గజాలు రాస్తున్నట్టు? అమ్మిన వాటాలన్నీ కలిపితే ఉన్న భూమికి సరిపోతాయో లేదో మీరు చూసుకునే దారి లేదు.

ఆ వైపు చెరువులు కూడా ఎక్కువ. 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కూడని జాగా, చిన్నదైతే 9 మీటర్లు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక బఫర్‌ను ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు. స్థలంలో కొంత బఫర్‌లోకి పోతే ప్లాన్ మారుతుంది, మీ టవర్ ఉంటుందో లేదో కూడా చెప్పలేం.

నల్లగండ్ల నివాసి

ఇవన్నీ నిజమే అనుకుందాం. అయితే ఏం చేయమంటారు? పన్నెండేళ్ల పాత బిల్డింగులో, పార్కింగ్ కోసం రోజూ గొడవపడుతూ, పిల్లలు ఆడుకోవడానికి చోటు లేకుండా బతకాలా? పాతది కొంటే గోడల విలువ ఏటా తగ్గుతుంది. అది కూడా లెక్కలో వేయండి.

చిట్టా పద్దు

గోడల విలువ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. భూమి విలువ అంత తేలిగ్గా తగ్గదు. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్లలో అంత ఫ్లాట్‌కు 40, 50 గజాల వాటా ఉండటం మామూలే. కొత్త టవర్లలో చాలాచోట్ల ముప్పై కూడా రావడం లేదు. పైగా అది మెట్రో స్టేషన్ దగ్గరి మియాపూర్ భూమి.

కొత్తదే కావాలనుకుంటే మూడో దారి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తడం లేదు. రెరా నంబరు ఉన్న ప్రాజెక్టులోనే 6,500 చొప్పున కొనండి. 97 లక్షల 50 వేలు. మీ దగ్గర 60 ఉంది. అప్పు కావలసింది 37 లక్షల 50 వేలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లయితే ఈఎంఐ 32,500 దాకా వస్తుంది. ఇద్దరూ సంపాదిస్తున్నారు కాబట్టి మోయగలరు. పని జరిగే కొద్దీ విడతలుగా కడతారు, ముందు మీ డబ్బు, చివర్లో బ్యాంకు డబ్బు. మిగిలినది ఎఫ్‌డీలో వడ్డీ తెస్తుంది. మీరు కట్టినదాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, దాన్ని ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడాలి. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు, వద్దనుకుంటే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉంటాయి. 5 శాతం జీఎస్టీ, ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు అదనం, అవి మర్చిపోవద్దు.

పటాన్‌చెరు శ్రీలత

రెరా ఉంటే అంతా భద్రం అనుకోకండి. మా అక్కావాళ్లకు వడ్డీతో వెనక్కి ఇవ్వమని ఆర్డరు వచ్చింది, ఆ డబ్బు చేతికి రావడానికి ఇంకా తిరుగుతూనే ఉన్నారు. ప్రీ-లాంచ్ అమ్మినవాళ్లకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా వేయొచ్చు. కానీ ఆ జరిమానా కొన్నవాళ్ల చేతికి రాదు కదండీ. నా ఓటు తయారైన ఇంటికే. కళ్ల ముందు గోడ, కుళాయిలో నీళ్లు, ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే ధ్రువపత్రం) కాగితం. పాప బడి కూడా మారదు.

మియాపూర్ అద్దెవాసి

అందరికీ ధన్యవాదాలు. నిన్న బిల్డర్ ఆఫీసుకు వెళ్లి, ఇప్పుడు 6 లక్షలు కడతాం, రెరా నంబరు వచ్చి అగ్రిమెంట్ రిజిస్టర్ అయ్యాక మిగతాది కడతాం అని అడిగాను. అలాగైతే 4,000 రేటు వర్తించదు అన్నారు. నాన్నగారు పక్కనే కూర్చుని విన్నారు. బయటికి వచ్చాక ఆయనే వద్దన్నారు.

పాత ఫ్లాట్ మీద ఒక సందేహం. యజమాని న్యూజెర్సీలో ఉంటున్నారు, ఆయన తమ్ముడు జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) మీద సంతకం చేస్తారట. ఫర్వాలేదా?

డాలస్ తెలుగు

అమ్మే ఆయన ఎన్ఆర్ఐ అయితే జాగ్రత్త అండీ. 50 లక్షలు, ఆపైన ఆస్తికి 1 శాతం టీడీఎస్ (కొనేవాళ్లే ధరలోంచి కోసి కట్టే పన్ను) అని అందరూ చెప్పేది ఇండియాలో ఉండేవాళ్ల దగ్గర కొన్నప్పుడు. ఎన్ఆర్ఐ దగ్గర కొంటే దీర్ఘకాలిక లాభం పన్ను రేటున, అంటే పన్నెండున్నర శాతం, దానిపై సర్‌చార్జ్, సెస్ కలిపి మీరే కోసి కట్టాలి. కోయకపోతే ఐటీ వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. తక్కువ కోయడానికి సర్టిఫికెట్ ఆయనే ఐటీ శాఖ నుంచి తెచ్చుకోవాలి. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ సంగతి మాట్లాడుకోండి. చివర్లో గొడవలు దీని మీదే వస్తాయి.

సంగారెడ్డి డాక్యుమెంట్ రైటర్

జీపీఏ అమెరికాలో రాసిందైతే ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించి ఉండాలి. అమ్మే అధికారం అందులో స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడండి. డబ్బు మాత్రం ఆయన ఖాతాకే వెళ్లాలి, తమ్ముడి ఖాతాకు వద్దు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల పత్రం, ముప్పై ఏళ్లకు తీయించండి. ఓసీ ఉందో లేదో, మీ ఫ్లాట్ పాస్ అయిన ప్లాన్‌లోని అంతస్తులోనే ఉందో లేదో చూడాలి. అనుమతి లేని పై అంతస్తైతే ఎంత తగ్గించినా వద్దు.

నల్లగండ్ల నివాసి

ప్రీ-లాంచ్ మీద నా అభిప్రాయం మారలేదు. కానీ పొలం అమ్మిన డబ్బు అంటున్నారు, నాన్నగారు వద్దన్నారు, కాబట్టి ఇక బలవంతం చేయను. పాత ఫ్లాట్ తీసుకునేటట్టయితే ఎండాకాలంలో ఆ బిల్డింగుకు నీళ్ల ట్యాంకర్లు వస్తాయో లేదో వాచ్‌మన్‌ను అడగండి. సొసైటీలో నో డ్యూస్ లెటర్ కూడా తీసుకోండి.

మియాపూర్ అద్దెవాసి

వాచ్‌మన్‌ను అడిగాను. మంజీరా నీళ్లు వస్తాయి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తెప్పిస్తారు అన్నాడు. ఓసీ కాపీ తెమ్మని తమ్ముడు గారిని అడిగాను, ఆదివారం తెస్తానన్నారు. అది చూశాకే అడ్వాన్స్ ఇస్తాను.