చెన్నై డిసెంబర్ కచేరీలకు ఆలుమగలు వెళ్తే, విడివిడిగా తిరగొచ్చా?

పెన్నాగట్టు (కావలి):
మాకు పెళ్లయి 24 ఏళ్లు. పిల్లలు లేకుండా ఇద్దరమే ఊరు చూడ్డానికి వెళ్ళడం ఇదే మొదలు. డిసెంబర్ 26న పినాకిని రైల్లో చెన్నై వెళ్ళి 29 రాత్రికి తిరిగి రావాలనుకున్నాం. మా ఆవిడ మైలాపూరు, టి.నగర్‌లలో కర్ణాటక సంగీత కచేరీలు పెట్టే సభల పట్టికలు ముందేసుకుని ఏడు కచేరీలకు గుర్తు పెట్టింది. నాలుగు రోజుల్లో ఏడు! నాకేమో మహాబలిపురం, ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు చూడాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది. మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం వదిలిన చోటికీ వెళ్ళాలి. జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం, 1952లో 58 రోజులు ఆయన తిండి లేకుండా ఉన్న ఊరికి పోయి కూడా ఆ చోటు చూడకపోతే ఎట్టా? కచేరీలో గంట దాటితే నేను కూర్చోలేను. పాట ఆగి మృదంగం లాంటి తాళ వాయిద్యాలే మోగే తని ఆవర్తనం మొదలవగానే చాలామంది లేచి కాంటీన్‌కి పోతారంట కదా, నేనూ అప్పుడు బయటికొచ్చేయొచ్చా? లేక ఆమె సభలకి, నేను ఊరు మీదికి పోవడం మంచిదా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కొత్తపట్నం గాలి (ఒంగోలు):
విడివిడిగా అనే మాటే వద్దన్నా. చివరి రోజు ఇద్దరూ ఒక్క కచేరీకి వెళ్ళండి. మిగతా మూడు రోజులు ఊరు చూడండి. పాట ఇంటికొచ్చి ఫోన్లో వినొచ్చు. మహాబలిపురంలో సముద్రం ఒడ్డు గుడి ఫోన్లో చూస్తే చూసినట్టా?

మైపాడు అల:
మ్యూజియం శుక్రవారం మూసేస్తారు. చూసుకుని పెట్టుకోండి.

కందుకూరు కోడలు:
పాట ఫోన్లో వినొచ్చు అన్న తమ్ముడు సభలో ఒక్క సాయంత్రం కూడా కూర్చోలేదని తెలుస్తోంది. నేను ఆరు సీజన్లు వెళ్ళాను. మ్యూజిక్ అకాడమీ 1928 నుంచి ఉంది. డిసెంబర్ 15 ప్రాంతం నుంచి జనవరి 1 దాకా అక్కడ పొద్దున ఉపన్యాసాలు, మధ్యాహ్నం చిన్నవాళ్ళ పాట, సాయంత్రం పేరున్నవాళ్ళు. ఇట్టాంటి సభలు ఊరంతా ఉన్నాయి. చాలాచోట్ల మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు, నేరుగా వెళ్ళి కూర్చోవచ్చు. ఒక సభలో కళ్యాణి రాగం విని, నడుచుకుంటూ ఇంకో సభకి పోతే అక్కడ శంకరాభరణం నడుస్తూ ఉంటుంది. 2017లో యునెస్కో చెన్నైని సంగీత నగరాల్లో చేర్చింది ఊరికే కాదు. మహాబలిపురం ఎక్కడికీ పోదు, అది 1300 ఏళ్ల నుంచి అక్కడే ఉంది. ఆ రోజు ఆ గాయని పాడే తోడి రాగం మళ్ళీ రాదు.
అన్నగారూ, పొద్దున ఆరింటికి బయలుదేరితే మహాబలిపురం సుమారు 55 కిలోమీటర్లు. పన్నెండుకల్లా తిరిగొస్తారు. సాయంత్రాలు అక్కయ్యకి వదిలేయండి.

చీమకుర్తి రాయి:
అన్నా, ఎక్కడికైనా తిరగండి. తని ఆవర్తనంలో మాత్రం లేవొద్దు. నేను 19 ఏళ్లుగా మృదంగం వాయిస్తున్నాను. గంటన్నర సేపు గాయకుడి వెనకాలే నడిచి, ఆయన ఊపిరి తీసుకునే చోటు కూడా కనిపెట్టుకుని వాయిస్తాం. మృదంగం ఎడమ వైపు అంటించిన రవ్వ ముద్ద ఆరిపోతుంటే పాటకీ పాటకీ మధ్య తడుపుకుంటాం. మాకంటూ దొరికేది ఆ పదీ పదిహేను నిమిషాలే. అప్పుడే కుర్చీలు టపటపా మడుచుకునే చప్పుడు వస్తుంది. వేదిక మీద నుంచి చూస్తే అందరి వీపులూ కనిపిస్తాయి.

కొత్తపట్నం గాలి (ఒంగోలు):
టికెట్ కొన్నవాడికి లేచే హక్కు లేదా? వయసైనవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి ఆకలేస్తుంది. రెండున్నర గంటలు కదలకుండా కూర్చోమంటే ఎట్టా? మీ కళకి గౌరవం కావాలంటే వాయిద్యంతో సంపాదించుకోవాలి గానీ, జనాన్ని కుర్చీకి కట్టేస్తే రాదు.

చీమకుర్తి రాయి:
కట్టేయమనలేదు. తని చివర్లో మొహరా అనే వరస వచ్చి, ముగింపు తీర్మానం అయ్యేదాకా ఆగమన్నాను. షుగర్ ఉన్నవాళ్ళు కచేరీకి ముందే తిని రావచ్చు. బడిలో పిల్లవాడు పద్యం చెబుతుంటే మధ్యలో లేచిపోతామా?

ఉదయగిరి:
అసలు త్యాగరాజు కీర్తనలు దాదాపు అన్నీ తెలుగులో ఉంటే, వినడానికి మనం తమిళనాడు పోవాల్సి రావడం గురించి ఎవరూ మాట్లాడరే? అక్కడ సగంమంది మాటలు పలికే తీరు వింటే బాధేస్తుంది.

కందుకూరు కోడలు:
ఉదయగిరి గారూ, ఆ కీర్తనలని ఇన్నేళ్ళు బతికించింది ఆ సభలే. గాయకుడు బాలమురళీకృష్ణ గారు మన కోనసీమలో పుట్టినా చివరికి స్థిరపడింది చెన్నైలోనే. అది వేరే చర్చ, ఇక్కడ వద్దు.
చీమకుర్తి తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. 2014లో నేను, మా ఆయన, మా అత్తగారు వెళ్ళాం. ఏ సభో చెప్పను. ప్రధాన కీర్తన తోడిలో. ఒక్క పంక్తినే రకరకాలుగా పాడే నెరవల్ అయింది, స్వరాలు అయ్యాయి, తని ఎత్తుకున్నారు. మా ఆయన లేచాడు. అత్తగారు లేచింది. నేను ఒక్కదాన్నే కూర్చుంటే బాగుండదని నేనూ లేచాను. తని అయ్యాక గాయకులు మళ్ళీ పల్లవి ఎత్తుకుని ముగిస్తారు. ఆ ఎత్తుగడ నేను వినలేదు. అప్పుడు పట్టుచీరల షాపులో బేరం చేస్తున్నాం. నేను ఆరు సీజన్లు వెళ్ళానన్నానే, అవన్నీ 2014 తర్వాతివి. అన్నిసార్లూ ఒక్కదాన్నే వెళ్ళాను.

కొత్తపట్నం గాలి (ఒంగోలు):
అదీ సంగతి. ఒక్కదానివే తిరగడం నీకు బాగుంది కాబట్టి అందరినీ అట్టాగే తిరగమంటున్నావు.

కందుకూరు కోడలు:
మాట జాగ్రత్త తమ్ముడూ. నాకు బాగుందని నేనెక్కడ అన్నాను? పక్క కుర్చీలో ఆయన ఉంటే ఇంకా బాగుండేది. ఉండనంటే పాట మానుకోవాలా అనేదే నా ప్రశ్న. నీకు కచేరీ అంటే ఎందుకంత కోపం?

కొత్తపట్నం గాలి (ఒంగోలు):
కోపం కచేరీ మీద కాదు. మా ఒంగోలులో చెన్నై అంటే చాలామందికి ఆస్పత్రి. మేమూ అందుకే వెళ్ళేవాళ్ళం, మూడేళ్లలో పదకొండు సార్లు. మైలాపూరులో లాడ్జి. వీధి చివర ఏదో సభ, సాయంత్రం అయితే పాట వినపడేది. మా ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేయమనేది. బాగయ్యాక లోపలికి వెళ్ళి కూర్చుందాం అంది. మెరీనా కూడా ఆటోలోంచి చూసిందే. పదకొండోసారి నేను ఒక్కడినే రైలెక్కాను. వీళ్ళకి నాలుగు రోజులు దొరికాయి. ఆ నాలుగు రోజుల్లో నువ్వటు, నేనిటు అంటే నాకు మనసొప్పలేదు. అక్కా, కఠినంగా అన్నాను, క్షమించు.

కందుకూరు కోడలు:
క్షమాపణ అక్కర్లేదు తమ్ముడూ. నాకు తెలీదు. కానీ నా మాట మార్చుకోలేను. పక్కన కూర్చుని గడియారం చూసుకునే మనిషి ఉంటే పాట సగం పోతుంది. దానికన్నా ఖాళీ కుర్చీ నయం. ఇది కూడా పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

పెన్నాగట్టు (కావలి):
రెండు రోజులు రాయలేదు. మా ఆవిడ ఇదంతా చదివింది. నేను చెప్పని సంగతి ఒకటుంది. పెళ్ళికి ముందు ఆమె వయొలిన్ నేర్చుకుంది. అద్దె వాటాలో ఉన్నప్పుడు పక్కవాళ్ళకి ఇబ్బందని నేనే ఆపమన్నాను. సొంత ఇల్లు కట్టుకున్నాక కూడా మళ్ళీ వాయించమని చెప్పాలని తోచలేదు. నిన్న రాత్రి అడిగాను, నాలుగు రోజుల్లో ఏడు కచేరీలు ఎవరైనా వింటారా అని. "ఏడు పెడితే మీరు కొట్టేయగా రెండైనా మిగులుతాయని పెట్టాను" అంది. నాకు నోట మాట రాలేదు.

మైపాడు అల:
అన్నా, ఏడూ ఉంచండి.

కొత్తపట్నం గాలి (ఒంగోలు):
ఏడూ వినండి. కానీ ఇద్దరూ. నా మాట అదే.

పెన్నాగట్టు (కావలి):
తిరుగు టికెట్ 29 నుంచి జనవరి 2కి మార్చాం. మహాబలిపురం, శ్రీరాములు గారి స్మారకం ఇద్దరం కలిసే వెళ్తాం. మ్యూజియానికి నేను ఒక్కడినే పోతాను, ఆ మధ్యాహ్నం ఆమె సభలో ఉంటుంది. సాయంత్రం కచేరీలకి పక్కన కూర్చుంటాను, తనిలో లేవను. మూడో రోజుకి ఓపిక ఉంటుందో లేదో చెప్పలేను, అప్పుడు ఆమెనే అడుగుతా. అటక మీద నుంచి వయొలిన్ దించాం. రెండు తీగలు తెగి ఉన్నాయి. చెన్నైలో ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.

చీమకుర్తి రాయి:
అన్నా సాలైలో మ్యూసీ మ్యూజికల్ అని పాత షాపు ఉంది, అక్కడ అడగండి. వయొలిన్ కూడా తీసుకెళ్ళి చూపించండి. ఇన్నేళ్ళు అటక మీద ఉంటే తీగలు బిగించే బిరడలు బిగుసుకుపోయి ఉంటాయి. ఇంట్లో బలవంతంగా తిప్పొద్దు, విరుగుతాయి.