ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్ కార్డు, ర్యామ్ కొనొచ్చా? వైజాగ్ వాళ్లు చెప్పండి

గోపాలపట్నం_స్టూడియో

అందరికీ నమస్కారం. గోపాలపట్నంలో నాకో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఇప్పుడున్న సిస్టమ్‌లో 16 జీబీ ర్యామ్, ఏనాటిదో 4 జీబీ గ్రాఫిక్ కార్డు. 4కే ఫుటేజ్ టైమ్‌లైన్ మీద పెడితే చాలు, మౌస్ కూడా కదలదు. మూఢం అయిపోతే ఫాల్గుణంలో ముహూర్తాలు వరసగా ఉన్నాయి. ద్వారకానగర్ వెళ్లి ర్యామ్ ధర అడిగితే కళ్లు తిరిగాయి. నిరుడు నేను కొన్న స్టిక్కే ఇప్పుడు రెండింతలు దాటింది. 'ఏఐ డేటా సెంటర్లకే మొత్తం పోతోందండీ, మా చేతుల్లో ఏం లేదు' అన్నాడు కొట్టతను.

ఆన్‌లైన్‌లో వెతికితే ఒకతను ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 15 వేలకి, 32 జీబీ ర్యామ్ 6 వేలకి ఇస్తానంటున్నాడు. ఢిల్లీ నుంచి కొరియర్. బిల్లు లేదు. డబ్బు ముందే పంపాలట. మా ఆవిడ వద్దంటోంది, మా అసిస్టెంట్ కుర్రాడేమో కొనేద్దాం అంటున్నాడు. మీరేమంటారు?

కొత్తదే_కొంటా

మీ ఆవిడ మాట వినండి. మా ఇంట్లో కూడా చెప్పారు, నేను వినలేదు.

రెండేళ్ల క్రితం ఇలాగే వేరే రాష్ట్రం నుంచి మదర్‌బోర్డు తెప్పించుకున్నాను. బబుల్ రాప్ ఒక్కటే చుట్టు, చుట్టూ న్యూస్‌పేపర్ ఉండలు. ప్రాసెసర్ కూర్చునే చోట మూత తీసి సెల్ టార్చ్ వేసి చూస్తే, ఓ మూలన నాలుగు పిన్నులు గాలివానకు వరి పడిపోయినట్టు ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి. అమ్మినవాడిని అడిగితే 'నేను పంపినప్పుడు బాగానే ఉంది, కొరియర్ వాళ్లని అడుగు' అన్నాడు. కొరియర్ వాళ్లు 'ప్యాకింగ్ మేం చెయ్యలేదుగా' అన్నారు. మూడో రోజుకి నా నంబర్ బ్లాక్. మొత్తం ఏడు వేలు. ఆ నోట్లేవో ఆర్కే బీచ్‌లో వదిలినా కాసేపు అలలు చూసిన ఆనందమైనా దక్కేది.

డాల్ఫిన్‌నోస్_గేమర్

ఒకసారి ముల్లు గుచ్చుకుందని చేపల పులుసు మానేస్తామా అన్నా? నా సిస్టమ్‌లో ఎస్‌ఎంపీఎస్ (అదే, లోపల కరెంటు ఇచ్చే డబ్బా), ఎస్‌ఎస్‌డీ తప్ప అన్నీ సెకండ్సే. మూడేళ్ల నుంచి ఒక్క కంప్లైంట్ లేదు. కొత్తవి కొంటే అయ్యే ఖర్చులో సగం కూడా కాలేదు.

మైనింగ్ కార్డు, అంటే క్రిప్టో కరెన్సీ తవ్వడానికి రాత్రీ పగలూ నడిపిన కార్డు, అంటగడతారని భయపెట్టేవాళ్లకి ఒక మాట. ఎథీరియం అనే క్రిప్టో 2022 సెప్టెంబరు 15న మైనింగ్ వదిలేసింది. కార్డులు గుట్టలు గుట్టలుగా మార్కెట్‌లో పడింది అప్పుడే. ఆ తర్వాత కూడా మూడేళ్లకు పైగా నడుస్తోందంటే అది గట్టి పిండమే.

కొత్తదే_కొంటా

గట్టి పిండమో, కొన ఊపిరో ఫోటో చూసి మీరెలా చెప్తారు బ్రో?

స్క్రూడ్రైవర్_ద్వారకానగర్

పద్దెనిమిదేళ్లుగా రిపేరు బల్ల ముందే కూర్చుంటున్నాను. కొత్తవి అమ్ముడైతేనే మా ఓనర్‌కి లాభం, అది ముందే ఒప్పుకుంటున్నా.

స్టూడియో గారూ, మొదట ఆ ర్యామ్ సంగతి చూడండి. ఈ రోజుల్లో 32 జీబీ ఆరు వేలకి ఎవరూ ఊరికే ఇవ్వరు. అతను పెట్టిన ఫోటోలో స్టిక్కర్‌ని పెద్దది చేసి చదవండి. పీసీ4-2400టీ లాంటిది ఏదో ఉంటుంది. దాని తర్వాత ఒక గీత, ఆ గీత పక్కన ఒక అక్షరం. అది యూ అయితే మన మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. ఆర్ అయితే సర్వర్ ర్యామ్, మీ బోర్డులో పెడితే డిస్‌ప్లే కూడా రాదు. స్టిక్ మధ్యలో మిగతా చిప్పుల కంటే వేరుగా ఇంకో చిప్పు కనిపించినా అనుమానించండి. అమ్మేవాడు అబద్ధం ఆడడు. 'డీడీఆర్4, వర్కింగ్ కండిషన్' అంటాడు. నిజమే, సర్వర్‌లో వర్కింగే.

ఇక పార్టుల విషయం. ప్రాసెసర్ అంత తొందరగా చావదు. నా బల్ల మీద నిజంగా చచ్చిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ధైర్యంగా కొనండి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. లోపల కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతాయి, పోయేటప్పుడు ఒక్కతే పోదు, బోర్డునీ డిస్కునీ వెంట తీసుకుపోతుంది. హార్డ్ డిస్కు అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి పెండింగ్ సెక్టార్లు, రీఅలొకేటెడ్ సెక్టార్లు, అంటే డిస్కులో చెడిపోతున్న చోట్ల లెక్క, చూడండి, సున్నా కాకపోతే ముట్టుకోవద్దు. డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చూపించే లెక్క మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 2025 మొదట్లో యూరప్‌లో వాడేసిన సీగేట్ సర్వర్ డిస్కుల గంటలు సున్నా చేసి కొత్తవని అమ్మిన సంగతి బయటపడింది. పైలెక్క చెరిపారు కానీ ఫార్మ్ అని లోపల ఇంకో లాగ్ ఉంటుంది, అందులో అసలు గంటలు అలాగే ఉండిపోయి దొరికిపోయారు.

ఢిల్లీ వాళ్లకి లేని సమస్య మనకి ఇంకోటి ఉంది. ఉప్పుగాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, ఎంవీపీ వైపు బాల్కనీ పక్కనే పెట్టి వాడిన సిస్టమ్ అయితే, ఫ్యాన్ రోజంతా ఆ గాలినే లోపలికి లాగుతుంది. కార్డు చేతికి రాగానే ఫ్యాన్ల కేసి చూడకండి, వెనక్కి తిప్పండి. హెచ్‌డీఎంఐ పోర్టు అంచులు, బ్రాకెట్, స్క్రూ తలలు చూడండి. బ్రాకెట్ మీద కాఫీ రంగు చుక్కలుంటే ఫర్వాలేదు, అది ఉత్త రేకు. బోర్డు మీద కెపాసిటర్ కాళ్ల దగ్గర ఆకుపచ్చగా బూజులాంటి పొడి ఉంటే ఎంత తగ్గించినా వదిలేయండి. గాజువాక, పోర్టు వైపు కార్డులది వేరే కథ. నల్లదుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య అట్టలు కట్టి ఉంటుంది. అది దులిపితే పోతుంది, ఉప్పు పోదు.

హుద్‌హుద్ తర్వాత, అదే 2014 అక్టోబరు తర్వాత, తడిసిన బోర్డులు కడిగి ఆరబెట్టి అమ్మినవి చాలాకాలం నా బల్ల మీదకి వస్తూనే ఉండేవి. వారం పనిచేసేవి, ఆ పైన రోజుకో జబ్బు. అప్పటి నుంచి బోర్డు అంటే నాకు ముందు వాసన చూడటం అలవాటైపోయింది. నవ్వకండి.

గోపాలపట్నం_స్టూడియో

స్క్రూడ్రైవర్ గారూ, మీకు దండం. ఫోటో జూమ్ చేశాను. 2400టీ, గీత, ఆర్. అతన్ని అడిగితే 'ఆల్ మదర్‌బోర్డ్ సపోర్ట్ సార్' అని పెట్టాడు. రేపు మధ్యాహ్నం లోపు డబ్బు పంపకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట.

డాల్ఫిన్‌నోస్_గేమర్

ఇచ్చెయ్యనివ్వండి, వాళ్ల ఖర్మ.

కానీ కార్డు విషయంలో నా మాట మారదు. స్క్రూడ్రైవర్ అన్న చెప్పినవన్నీ మంచివే, అయితే వాళ్ల కొట్లలోనూ సెకండ్స్ ఉంటాయి, నేరుగా కొన్నదానికంటే మూడు నాలుగు వేలు ఎక్కువ చెప్తారు. ఆన్‌లైన్ అంటే భయపెడితే గిరాకీ ఎటు వస్తుందో అందరికీ తెలుసు.

స్క్రూడ్రైవర్_ద్వారకానగర్

ఎక్కువే తమ్ముడూ, కాదనను. ఆ మూడు వేలలో నెల రోజుల టెస్టింగ్ వారంటీ ఉంది, పాడైతే తెచ్చి బల్ల మీద కొట్టి అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి నేనే, నెలకి నలుగురైనా వచ్చి కొడతారు.

నేను ఆన్‌లైన్‌లో కొనొద్దనలేదు. కళ్ల ముందు ఆన్ చేసి చూపించని వస్తువుకి ముందే డబ్బు పంపొద్దన్నాను. నువ్వు కొన్నవాటిలో కొరియర్‌లో వచ్చినవి ఎన్ని?

డాల్ఫిన్‌నోస్_గేమర్

…ఒక్కటి. ర్యామ్. మిగతావన్నీ ఇక్కడివాళ్ల దగ్గర, ఇంటికెళ్లి చూసి కొన్నవే. సరే, ఈ రౌండ్ మీదే.

మధురవాడ_కోడర్

ప్రాసెసర్ ధైర్యంగా కొనండన్న మాటకి ఒక మినహాయింపు. ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 లాంటి పెద్ద చిప్పుల్లో వోల్టేజ్ సమస్య వచ్చింది. 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చారు, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించారు. కానీ అప్‌డేట్ రాకముందే దెబ్బతిన్న చిప్పుని ఏ అప్‌డేటూ బాగుచెయ్యదు. సెకండ్స్‌లో అవి కనిపిస్తే వారంటీ ఎంత మిగిలిందో తేల్చుకోకుండా వద్దు.

ఇంకోటి, ఇంటెల్ 6, 7 తరాల కాంబోలు (ప్రాసెసర్, బోర్డు కలిపి అమ్మేవి) ఇప్పుడు కారుచౌకగా వస్తున్నాయి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11 ఆ చిప్పులని అధికారికంగా తీసుకోదు. ఆఫీసులన్నీ ఒకేసారి వదిలించుకుంటున్నాయి. లినక్స్ వాడేవాళ్లకి పండగే. ఎడిటింగ్‌కి మాత్రం వద్దు.

ఉక్కునగరం_రిటైర్డ్

నాకు కంప్యూటర్ల గురించి తెలిసింది తక్కువ. కాగితాల గురించి కొంత తెలుసు. 'మోసం చేస్తే కన్స్యూమర్ కోర్టుకి లాగుతా' అని చాలామంది అనుకుంటారు. కొట్టు దగ్గర గానీ, వ్యాపారంగా అమ్మేవాళ్ల దగ్గర గానీ కొంటే 2019 చట్టం ప్రకారం మీరుండే ఊళ్లోనే, అంటే విశాఖ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. అయితే ఎవరో ఒక వ్యక్తి తన సొంత పాత సామాను అమ్ముకుంటే సంగతి వేరు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు, వ్యాపారంగా కాకుండా సొంత హోదాలో చేసే అమ్మకాలకి వర్తించవని స్పష్టంగా రాసి ఉంది. బిల్లు లేని అపరిచితుడి దగ్గర కొన్నప్పుడు మీ చేతిలో మిగిలేది అతని ఫోన్ నంబరొక్కటే.

మా పక్కింటాయనకి జరిగింది చెబుతాను. అమ్మేవాడు 'నేవీలో చేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంటుగా అమ్మేయాలి' అని ఐడీ కార్డు ఫోటో పంపాడు. మనది నేవీ వాళ్ల ఊరు, ఎవరైనా నమ్ముతారు. అడ్వాన్స్ తిరిగి ఇస్తానని క్యూఆర్ కోడ్ పంపాడు, ఈయన స్కాన్ చేసి పిన్ కొట్టాడు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్‌తో పని లేదు బాబూ. పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర్నించి పోతున్నట్టే. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే కొంత ఆపగలిగారు.

కొత్తదే_కొంటా

మాస్టారు చెప్పాక ఇంక నేను అనేదేముంది. వారంటీ, బిల్లు, కొట్టు. మూడూ ఉంటేనే నిద్ర పడుతుంది.

కంచరపాలెం_కేబుల్

నిద్ర అంటే గుర్తొచ్చింది. నిరుడు సెకండ్స్‌లో 1 టీబీ డిస్కు కొన్నా. ఖాళీగానే కనిపించింది. ఊరికే రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే ఎవరిదో పెళ్లి మొత్తం బయటికొచ్చింది. పసుపు దంచడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా, పెళ్లికూతురు ఏడుస్తున్న ఫోటోలే ఓ యాభై. ఎవరో స్టూడియో వాళ్లు క్విక్ ఫార్మాట్ కొట్టి అమ్మేసినట్టున్నారు. అన్నీ చెరిపేశాను కానీ ఆ రాత్రి మనసు అదోలా అయిపోయింది. స్టూడియో అన్నా, కొనడం సంగతి తర్వాత, మీ పాత డిస్కులు మాత్రం అలా అమ్మకండి.

గోపాలపట్నం_స్టూడియో

అమ్మో. మా దగ్గర పాత డిస్కులు ఆరున్నాయి, పోయిన నెలలో ఒకతను వచ్చి అడిగాడు కూడా. ఇవ్వలేదు, ఇకపైనా ఇవ్వను.

ఇక అసలు విషయం. ఢిల్లీ అతన్ని వదిలేశాను. ర్యామ్ కొత్తదే కొన్నా, 16 జీబీ ఒక్క స్టిక్కే, ఉన్నదానికి జత. ధర మాత్రం అడక్కండి. కార్డు కోసం ఆన్‌లైన్‌లోనే మన ఊరి వాళ్లవి వెతికితే ఎంవీపీ కాలనీలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడిది దొరికింది. 3060, పద్నాలుగున్నర అన్నాడు, 2022 బిల్లుంది. నిన్న సాయంత్రం మా అసిస్టెంట్‌తో వెళ్లాను.

డాల్ఫిన్‌నోస్_గేమర్

కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో చూశారా? 3060లో 8 జీబీది కూడా ఒకటుంది, మెమరీ బస్, అంటే డేటా వెళ్లే దారి, 128 బిట్టే. పేరు ఒకటే, పని వేరు.

గోపాలపట్నం_స్టూడియో

చూశాను. 12 జీబీ, 192 బిట్, షేడర్లు (కార్డులోని చిన్న లెక్కల యూనిట్లు) 3584. ఫేక్ అని ఎక్కడా రాలేదు. వాళ్ల అమ్మగారు టీ ఇచ్చారు, అది తాగేలోపు స్ట్రెస్ టెస్ట్ ఇరవై నిమిషాలు నడిపాం. వేడి 74 దగ్గర ఆగింది, గీతలు, చుక్కలు ఏం రాలేదు. తర్వాత విప్పించి వెనక్కి తిప్పాను. బ్రాకెట్ మీద కాఫీ రంగు చుక్కలు ఉన్నాయి, రెండు స్క్రూ తలలు తుప్పు. బోర్డు శుభ్రంగా ఉంది, ఆకుపచ్చ పొడి ఎక్కడా లేదు. స్క్రూడ్రైవర్ గారిని తలుచుకుని వాసన కూడా చూశాను, ఆ కుర్రాడు నన్ను అదోలా చూశాడు.

ఒక్కటే తేడా. రెండో ఫ్యాన్ స్పీడ్ పెరిగినప్పుడు కిర్రుమంటోంది. అది చూపించి పన్నెండు వేల ఎనిమిది వందలకి తెచ్చాను.

కొత్తదే_కొంటా

వారంటీ ఎంత మిగిలింది?

గోపాలపట్నం_స్టూడియో

మూడేళ్లది. నిరుడే అయిపోయింది.

కొత్తదే_కొంటా

ఆరు నెలల తర్వాత ఇక్కడే కలుద్దాం అన్నా. అప్పటికీ నడుస్తుంటే ఉడా పార్కు దగ్గర మురీ మిక్చర్ నేను ఇప్పిస్తా.

స్క్రూడ్రైవర్_ద్వారకానగర్

కిర్రు అంటే బేరింగ్. నూనె చుక్క వేసి రోజులు నెట్టొద్దు, అది వారమే. ఆ మోడల్‌కి ఫ్యాన్ల సెట్ విడిగా దొరుకుతుంది, రెండూ కలిపి మార్చండి. పనిలో పనిగా థర్మల్ పేస్ట్ కూడా. కార్డు వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి. ఆదివారం మాత్రం రాకండి, కొట్టు మూత.

గోపాలపట్నం_స్టూడియో

సోమవారం పదకొండింటికి వస్తా. స్టిక్కర్ సగం చిరిగి ఉంది, మూడో అక్షరం ఎనిమిదో, బీనో తెలియడం లేదు. ఫోటో పెడుతున్నా, ఎవరికైనా అర్థమైతే చెప్పండి.