ఐఓఎంఎంయూ గ్రూపు విడిపోకపోతే ప్యాచ్ వేయాలా, బోర్డు మార్చాలా?

పాతడబ్బా: ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్ (ఒకే మిషన్లో చాలా వర్చువల్ మిషన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నా. రెండు గ్రాఫిక్స్ కార్డులున్నాయి. ఒకటి విండోస్ వీఎంకి ఇద్దామనుకుంటే, కింది స్లాట్‌లో ఉన్న ఆ కార్డు, సాటా (డిస్క్) కంట్రోలర్, నెట్‌వర్క్ పోర్టు అన్నీ ఒకే ఐఓఎంఎంయూ గ్రూపులో కనిపిస్తున్నాయి. (ఏ పరికరం ఏ మెమరీని తాకొచ్చో కాపలా కాసే హార్డ్‌వేరే ఐఓఎంఎంయూ. ఒక గ్రూపులో ఉన్నవాటిని విడదీసి ఒకదాన్నే వీఎంకి ఇవ్వలేం.) ఏసీఎస్ ఓవర్‌రైడ్ (గ్రూపుల్ని విడగొట్టి చూపించే కెర్నల్ ప్యాచ్) పెట్టెయ్యమని ఒక ఫ్రెండ్, బోర్డు మార్చెయ్యమని ఇంకో ఫ్రెండ్. ఇంటి మిషనుకి కొత్త బోర్డు దండగ కదా?

గోడమీదపిల్లి: ఓవర్‌రైడ్ గ్రూపుని నిజంగా విడగొట్టదు. విడిపోయిందని కెర్నల్‌ని నమ్మిస్తుంది, అంతే. గోడ లేనిచోట ప్లానులో గోడ గీసినట్టు. బోర్డులో ఒకే పీసీఐఈ స్విచ్ కింద ఉన్న రెండు పరికరాలు ఐఓఎంఎంయూ దాకా రాకుండానే ఒకదానికొకటి డేటా పంపుకోగలవు. వీఎంలో ఉన్న కార్డు తప్పు అడ్రస్‌కి రాస్తే, అది మీ హోస్ట్ (వీఎంలని నడిపే అసలు మిషను) డిస్క్ కంట్రోలర్‌కి తగలొచ్చు. నేనైతే బోర్డు మారుస్తా.

రాత్రిషిఫ్ట్: హోస్ట్‌లో ఉండేది ఆయనే, వీఎంలో ఉండేదీ ఆయనే. ఎవరి మీద ఎవరు దాడి చేస్తారు భయ్యా? అద్దెకిచ్చే సర్వరైతే మీ మాట వేదవాక్కు. నేను మూడేళ్ళుగా ఓవర్‌రైడ్ మీదే ఆటలాడుతున్నా, ఒక్క ఫైలు పోలేదు.

గోడమీదపిల్లి: హెల్మెట్ లేకుండా మూడేళ్ళు తిరిగినవాళ్ళూ ఉన్నారు.

సీనియర్‌మెకానిక్: కొట్లాట ఆపి ముందు స్లాట్ మార్చి చూడండి. చాలా బోర్డుల్లో పై పెద్ద స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కి, కిందివి చిప్‌సెట్‌కి వెళ్తాయి. ఈ గుంపు గోలంతా ఎక్కువగా చిప్‌సెట్ వైపే.

మీ ప్రాసెసర్‌లో వీటీ-డీ (ఐఓఎంఎంయూకి ఇంటెల్ పెట్టిన పేరు) ఉంది కాబట్టే గ్రూపులు కనిపిస్తున్నాయి, అదృష్టవంతులు. నేను సెకండ్‌హ్యాండ్‌లో ఐ5-2500కే కొన్నా. "వర్చువలైజేషన్ ఉంది సార్" అన్నాడు అమ్మినాయన. అబద్ధం కాదు, వీటీ-ఎక్స్ ఉంది, దాంతో వీఎం నడుస్తుంది. కానీ పరికరాన్ని వీఎంకి అప్పజెప్పాలంటే వీటీ-డీ కావాలి. అది చివర కే లేని మామూలు 2500లో ఉంది, ఖరీదెక్కువైన నా దాంట్లో లేదు! ఏఎండీ ప్రాసెసరైతే చూడాల్సిన పేరు ఏఎండీ-వీఐ.

ఇంకోటి, ర్యామ్. పాస్‌త్రూ (అలా పరికరాన్ని వీఎంకి అప్పజెప్పడం) పెడితే వీఎంకి రాసిచ్చిన మెమరీ మొత్తం మొదట్లోనే లాక్ అయిపోతుంది. 16 జీబీలో 12 ఇచ్చేస్తే హోస్ట్ నాలుగుతోనే నెట్టుకురావాలి. ఎన్విడియా కార్డులు వీఎంలో పనిచేయకుండా ఆపేసే కోడ్ 43 ఎర్రర్ తలనొప్పి మాత్రం 2021లో 465 డ్రైవర్‌తో తీరింది. పాత పోస్టులు చూసి బెంగపడకండి. కొన్ని ఏఎండీ పోలారిస్, వేగా కార్డులు వీఎం ఆపాక సరిగ్గా రీసెట్ కావు, హోస్ట్‌నే రీబూట్ చేయాల్సి వస్తుంది. కొనేముందు ఇది కనుక్కోండి.

పాతడబ్బా: రెండు కార్డులూ తారుమారు చేశా అన్నా. ఇప్పుడు ఆ గ్రూపులో కార్డు, దాని హెచ్‌డీఎంఐ ఆడియో, అంతే. విండోస్ లేచింది! కాకపోతే హోస్ట్ బూటయ్యేటప్పుడు అక్షరాలు సగంలో ఆగి స్క్రీన్ బిగుసుకుపోతోంది. వేరే కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో మాత్రం లాగిన్ అవుతున్నా.

సీనియర్‌మెకానిక్: బోర్డు పై స్లాట్ కార్డుతో బూటవుతోంది, మధ్యలో దాన్ని వీఎఫ్‌ఐఓ (కార్డుని వీఎం కోసం పట్టి ఉంచే డ్రైవర్) పట్టుకుంటోంది. బయోస్‌లో మొదటి డిస్‌ప్లే మార్చే ఆప్షన్ ఉందేమో చూడండి.

గోడమీదపిల్లి: ఓవర్‌రైడ్ తీసేసినట్టేగా మరి?

పాతడబ్బా: ఇంకా పెట్టనే లేదు. కానీ ఆ నెట్‌వర్క్ పోర్టు కూడా ఒక వీఎంకి ఇద్దామని ఉంది...

గోడమీదపిల్లి: అది సాటాతో కలిసే ఉంది కదండీ బాబూ!